గట్టిపడిన నూనె మరక

రైలు ఆగేసరికి ఫస్ట్ క్లాస్ కంపార్ట్‌మెంట్‌లో ఇంజినీరు బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. ప్రాణం మాత్రం రెండు స్టేషన్ల ముందే దిగిపోయింది. ఒంటి మీద గాయం లేదు. ఒళ్ళో సూట్‌కేస్ తెరిచి ఉంది, అందులో ఉండాల్సిన టెస్ట్ రిపోర్టు లేదు. చొక్కా కఫ్ మీద గుండీ అంత పసుప్పచ్చ మరక.

చీఫ్ ఆ కఫ్‌ని కత్తిరించి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఏజెంట్ తొమ్మిది గోటితో గీకి చూశాడు. మరక గాజుపెంకులా గట్టిగా ఉంది.

"వార్నిషా సార్?"

"నూనె అంటోంది లాబొరేటరీ. ఏ నూనో చెప్పడానికి వారం కావాలట. మనకున్నది ఒక్క రోజు. కూర్చో."

తొమ్మిది కూర్చున్నాడు.

"డీజిల్ ఇంజిన్‌కి మొదట్లో బొగ్గుపొడి కూడా పెట్టి చూశారు, తెలుసుగా. కుదరలేదు. పెట్రోలియం నూనె కుదిరింది. ఆ తర్వాత ఒక పెద్ద ఎగ్జిబిషన్‌లో వేరుశెనగ నూనె పోశారు. ఎంత మామూలుగా నడిచిందంటే, చూడ్డానికొచ్చినవాళ్ళలో చాలామందికి అది వేరే నూనె అనే తెలియలేదు."

"తెలిసినవాళ్ళు?"

"వాళ్ళకి అప్పట్నుంచీ నిద్ర లేదు. విదేశీ సిండికేట్. పెట్రోలియం అమ్ముకునే ముఠా. పోయిన ఇంజినీరు టెస్ట్ చేసింది మన మేస్త్రి ఒకడు తయారుచేసిన ఇంజిన్‌నే. రేపు పదకొండింటికి ఆ మేస్త్రి రెండు వందల మంది ముందు దాన్ని వేరుశెనగ నూనెతో నడుపుతాడు. నడిస్తే మన పంపులకీ పడవలకీ మన పొలాల్లో పండే నూనే చాలు. షెడ్డు తగలబడితే, ఆ నూనె పేరెత్తే ధైర్యం ఇంకో ఇరవై ఏళ్ళు ఎవడికీ ఉండదు. మేస్త్రి ఉంటాడో ఉండడో కూడా చెప్పలేం."

"లోపల మనవాళ్ళెవరు?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పట్టుతొడుగులు."

డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు విని కళ్ళజోడు తుడుచుకోనివాళ్ళు తక్కువ. మోచేతుల దాకా నల్లటి పట్టు తొడుగులు, మెడ తిప్పితే గదంతా తిరుగుతుంది. వృత్తి చిత్రలేఖనం. సిండికేట్ దగ్గరా, మన దగ్గరా రెండు జీతాలు తీసుకుంటుంది. నిజం మాత్రం మనకే చెబుతుందని చీఫ్ నమ్మకం.

"వేదిక కింద గడియారం బాంబు పెడతారని కబురు పంపింది. నువ్వు మేస్త్రి మేనల్లుడివి. ఇదిగో నీ చేతికర్ర."

మామూలు చేతికర్ర కాదు. లోపల గొట్టం. పిడి చెవికి ఆనిస్తే పది అడుగుల్లో ఎక్కడ గడియారం కొట్టుకున్నా వినిపిస్తుంది. కొసకి పలచటి తోలు బిగించి, చుట్టూ మైనం పూశారు.

మర్నాడు పొద్దున షెడ్డు గుమ్మంలోనే మొదటి ప్రమాదం ఎదురైంది. మేస్త్రి భార్య.

"నాకు తెలియని మేనల్లుడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడయ్యా?"

"పైవాళ్ళు పంపారే," మేస్త్రి నసిగాడు.

"సరే. మేనల్లుడన్నాక ఊరికే నిలబడతాడా? బాబూ, ఆ బకెట్లు తీసుకెళ్ళి ఇంజిన్ వెనక తొట్టి నింపు. ఇంజిన్ చల్లబడేది ఆ నీళ్ళతోనే. అన్నట్టు, నీ మీసం ఎడం పక్కన ఊడుతోంది, చూసుకో."

తొమ్మిది మీసం నొక్కుకుని బకెట్లు ఎత్తాడు.

షెడ్డు అద్దంలా ఉంది. గోడవారన నూనె పీపాలు, వాటి పక్కన కిరోసిన్ డబ్బాలు, కింద ఒక వెదురు బుట్ట. మేస్త్రి గుడ్డపేలిక కూడా పారేయనివ్వడు. తుడిచిన గుడ్డలన్నీ ఆ బుట్టలో వేసి, వారానికోసారి భార్య చేత ఉడకబెట్టిస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి, ఇరవై ఏళ్ళుగా ఆవిడ తిడుతూనే ఉంది.

ఇంజిన్ పక్కన స్టాండ్ మీద మేస్త్రి చిత్రపటం. దాని ముందు కుంచె పట్టుకుని పట్టుతొడుగులు.

"పొగ ఏ రంగు?" అన్నాడు తొమ్మిది, గొంతు తగ్గించి.

"రంగులేని పొగే మంచిది." కోడ్ సరిపోయింది. ఆమె కుంచె ఆపలేదు. "వేదిక కింద. సరిగ్గా పదకొండుకి. మిగతా చోట్ల టైం వృథా చేసుకోకు."

వేదిక కింద పాకుతూ గంటసేపు వెతికాడు. బూజు దొరికింది, చచ్చిన బొద్దింక దొరికింది. టిక్‌మన్న చప్పుడు లేదు. పైన కుర్చీలు నిండుతున్న అలికిడి ఒకటొకటిగా అతని వీపు మీదకి దిగుతోంది. నలభై నిమిషాలుంది. ఇరవై. పది.

బయటికొచ్చేసరికి ఇంజిన్ కిరోసిన్‌తో వేడెక్కుతోంది. మేస్త్రి చెయ్యి మీటకి దగ్గరగా ఉంది. పదకొండు కొట్టగానే మీట తిప్పితే వేరుశెనగ నూనె మొదలవుతుంది.

"మామయ్యా, కాస్త ఆగితే..."

"ఆగితే భయపడ్డాడంటారు. పోయిన ఇంజినీరు నా చేతిలో చెయ్యేసి మరీ అడిగాడురా, నడిపి చూపించమని. చస్తే ఇక్కడే చస్తాను, ఆపను."

మేస్త్రి భార్య తన కొంగు తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. "దీని సంగతి చూడు. నిన్న ఆ పటం గీసే అమ్మాయి గుడ్డ నా కొంగుకి తగిలింది. మా నూనె మరక నెల్లాళ్ళయినా జిడ్డుగానే ఉంటుంది, సబ్బేస్తే పోతుంది. ఈవిడ నూనె తెల్లారేసరికి అట్టకట్టింది. గోటికి కూడా రావట్లేదు!"

తొమ్మిది గీకాడు. గాజుపెంకు.

రైల్లో, ఇంజినీరు కఫ్ మీద.

"అది అవిసె నూనె," అన్నాడు మేస్త్రి. "రంగుల్లో కలుపుతారు. గాలి తగిలితే ఎండిపోతుంది."

"ఆవిడ గుడ్డలు ఎక్కడేస్తోంది అత్తయ్యా?"

"ఎక్కడేమిటి, మీ మామయ్య మర్యాద నీకు తెలియంది కాదుగా. బుట్టలో వేయండమ్మా అన్నారు. నిన్న సాయంత్రం ఒక మూట కుక్కింది."

తొమ్మిది పీపాల దగ్గరికి పరిగెత్తి కర్రని బుట్టలోకి గుచ్చాడు. పిడి చెవికి ఆనించాడు. నిశ్శబ్దం. గడియారం లేదు. కర్ర బయటికి లాగాడు.

కొసన మైనం కరిగి కారుతోంది.

ఎండుతున్న అవిసె నూనెలో వేడి పుడుతుంది. గుడ్డని పరిచి ఆరేస్తే తెలియదు, మూటకట్టి కుక్కితే దానంతటదే రాజుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, గడియారం అక్కర్లేదు. వెతికేవాణ్ణి వేదిక కిందికి తోలడానికి ఒక అబద్ధం చాలు.

బుట్ట మధ్యలోంచి సన్నటి పొగ లేచింది. రంగు లేకుండా ఏమీ లేదు.

చేతులు చుర్రుమంటున్నా బుట్టని ఎత్తి, రెండు వందల మందికీ వీపు చూపిస్తూ ఇంజిన్ వెనక్కి నడిచాడు. పరిగెత్తితే గాలి తగులుతుంది. మూడో అడుగులో భగ్గుమంది. మంట మీసాన్ని అందుకుంది. అయిదో అడుగులో బుట్టతో సహా తొట్టిలోకి వంగాడు. సుయ్యిమంది.

అదే క్షణంలో పదకొండు కొట్టింది. మేస్త్రి మీట తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారి గొంతు సవరించుకుని, అదే తాళంలో సాగిపోయింది.

చివరి వరసలోంచి పట్టుతొడుగులు లేచింది. గుమ్మంలో మేస్త్రి భార్య ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికమ్మా? పటం సగంలో వదిలేసి! మా ఆయన ముక్కు అంత లావు కాదు. సరిచేశాకే కదులు."

"వదలండి, తలనొప్పిగా ఉంది."

"కూర్చుంటే తగ్గుతుంది."

గుడ్డలు పిండి, ఉడకబెట్టి, ఆరేసిన చేతులవి. మెరిసే తొడుగు మెలితిరిగిందే తప్ప, పట్టు సడలలేదు. తొడుగు కిందికి జారితే మణికట్టు మీద అవే పసుప్పచ్చ మరకలు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఇంజినీరు రిపోర్టు మడతలు కూడా విప్పకుండా ఉంది. కాలిన చేతుల్తోనే తొమ్మిది బేడీలు వేశాడు.

మర్నాడు చీఫ్ పేపరు చదివి వినిపించాడు. నాలుగో పేజీ, మూల, రెండు లైన్లు. "నిన్న ఒక ఇంజిన్ ప్రదర్శన జరిగింది. ప్రత్యేకంగా చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు."

కట్టు కట్టిన చేతుల్తో తొమ్మిది ఆ ముక్కని జాగ్రత్తగా చింపి జేబులో పెట్టుకున్నాడు. వేరుశెనగ నూనెకైనా, గూఢచారికైనా అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఇంకొకటి దొరకదు. మీసం ఖర్చు మాత్రం డిపార్ట్‌మెంట్ ఇవ్వనంది.