గుటక మలుపులో కొత్త పంపు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చేత్తో రాసినవి ఉప్పు, చక్కెర అని డబ్బాల మీద అంటించే చీటీలే. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పోస్తాయి. అయినా ఇది రాస్తున్నానంటే, నోటితో చెప్పలేక. నోటితో చెబితే మా ఆయన వింటాడు.

ఊరు దాటాక కొండదారిలో ఒక మలుపుంది. లారీవాళ్ళు దాన్ని గుటక మలుపంటారు. ఎక్కే బండి అక్కడికి రాగానే నీళ్ళు మింగినట్టు ఒక గుటక వేస్తుంది... అంతే, ఆగిపోతుంది. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. టాంకులో డీజిల్ ఉంటుంది. ఇంజిను మాత్రం చస్తుంది.

ఎప్పుడో ఒక డ్రైవరు అక్కడ డీజిల్ అయిపోయి, చలికి బండిలోనే బిగుసుకుపోయాడట. వాడి దాహం ఇంకా తీరలేదట. ఎక్కే బండ్ల టాంకుల్లోంచి ఆ గుటక వేసేది వాడేనట.

అందుకే కొండ మొదట్లో ఒక నల్లరాయి ఉంది. అది పుట్టుకతో నల్లది కాదు, డీజిల్ తాగి తాగి నల్లబడింది. కొండెక్కే ప్రతివాడూ దాని మీద ఒక గ్లాసుడు డీజిల్ పోసి, "ఇది నీ వాటా, నా టాంకు జోలికి రాకు" అని గొణిగి కదులుతాడు.

మా నాన్నా పోసేవాడు. పోసినా ఆ మలుపులోనే పోయాడు. బండి ఆగిపోతే దిగి, చీకట్లో డీజిల్ పంపు దగ్గర వంగి, పైపులో చేరిన గాలి తీస్తున్నాడు. బండి వెనక్కి జారింది.

అంతకన్నా రాయలేను.

నాన్నకి ఒక అలవాటుండేది. ఎత్తు ఎక్కేటప్పుడు నోరు మూసుకుని, "మ్..." అని గొంతులో ఒకటే రాగం పట్టేవాడు. అది పాట కాదు, ఏమీ కాదు. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ క్యాబిన్లో కూర్చుని ఎందుకని అడిగితే, "ఇంజినొక్కదానికే కష్టమే తల్లీ, మనం కూడా ఒక చెయ్యి వెయ్యాలి" అనేవాడు. మేమూ పట్టేవాళ్ళం. బండి పైకి చేరేసరికి మాకు ముక్కులు అదిరేవి.

నాన్న తర్వాత ఆ లారీ తమ్ముడికొచ్చింది. మా ఆయన మెకానిక్. షెడ్డు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. బావాబామ్మర్దులిద్దరూ కలిసి ఆ పాత లారీకి పెద్ద టర్బో పెట్టారు, నాజిళ్ళు మార్చారు. బలం పెరిగింది. చదును మీద దాని ముందు ఏ లారీ ఆగేది కాదు.

కానీ అప్పటిదాకా ముక్కుతూ మూలుగుతూ అయినా కొండెక్కిన బండి, బలం వచ్చాకే గుటక మలుపులో ఆగడం మొదలుపెట్టింది. పోయినసారి ఆగినప్పుడు వెనక్కి జారింది కూడా. తమ్ముడు దూకి చక్రం కింద రాయి తోసేలోగా వెనక భాగం అంచు దాటి గాల్లో ఉంది.

వాడు ఇంటికొచ్చి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు ఆగడం లేదు.

"అక్కా, ఇంకోసారి ఆగిందా, నేనుండను," అన్నాడు మెల్లగా. "నాన్న పిలుస్తున్నాడో, ఆ చచ్చిన డ్రైవరు పిలుస్తున్నాడో తెలీడం లేదు."

లారీ అమ్మేద్దామంటే అది తప్ప వాడికి ఇంకో పని రాదు. కొండ అవతలికి తప్ప సరుకు లేదు. పగలు లారీలని కొండ ఎక్కనివ్వరు.

మా ఆయన మాత్రం నవ్వాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఒరే, ఇంటికి పదిమంది పెద్ద తిండిగాళ్ళని తెచ్చి కూర్చోబెట్టాం, వడ్డించేది మాత్రం ఆ వణికే ముసలాడే. ఇంజినుకి డీజిల్ అందించే నీ ఫీడ్ పంపు పాతది. ఎత్తెక్కేటప్పుడు టాంకు కిందికైపోతుంది, ఇంజిను పైనుంటుంది. అంత దూరం నుంచి డీజిల్ పీల్చలేక గాలి మింగుతోంది. అదీ మీ గుటక."

"మరి మిగతా లారీలు బావా? వాటికి టర్బోలు లేవుగా."

"వాటికి చిల్లుపడ్డ పైపులున్నాయి. ఎవడి పైపు వాడు చూసుకోడు, దెయ్యం మీద తోస్తాడు."

"ఇంత తెలిసినవాడివి, ఒక్క రాత్రి నాతో కొండెక్కకూడదూ?"

"నేనెందుకు ఎక్కుతాను? మీ నాన్న నాకు పిల్లనిచ్చాడు, నీకు బండిచ్చాడు. ఎవడి బరువు వాడు మొయ్యాలి."

నేను వంటింట్లోంచి విని గరిటె గిన్నెకేసి కొట్టాను. నా జవాబులన్నీ గరిటెతోనే.

మర్నాడు మా ఆయన కరెంటుతో తిరిగే కొత్త పంపు తెచ్చాడు. పీల్చడం కష్టం, తొయ్యడం తేలిక అంటూ, పాత పంపుకి తోడుగా దాన్ని టాంకు పక్కనే ఛాసిస్‌కి బిగించాడు. కొత్త పైపులు వేశాడు. నేను టార్చి పట్టుకున్నాను. సాయంత్రానికి పని అయింది. తమ్ముడు తాళం తిప్పాడు.

లారీ కింద నుంచి... "మ్..."

టార్చి పంపు మీంచి తమ్ముడి వైపు తిప్పాను. కిటికీలోంచి తమ్ముడు నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను.

"ఏంటా మొహాలు? శవం లేచినట్టు," అని మా ఆయన క్యాబిన్లోకి వంగి, డ్రైవరు కాళ్ళ దగ్గరున్న పెట్టె మూత తీశాడు. అందులోంచి ఒక పసుపు రంగు ఫ్యూజు పీకాడు. శబ్దం టక్కున ఆగింది. మళ్ళీ పెట్టాడు. "మ్..." మళ్ళీ పీకాడు. నిశ్శబ్దం.

"చూశావా? ఈ గోరంత ముక్క ఉంటే పాడుతుంది. తీస్తే ఉత్త ఇనపముద్ద. దెయ్యాలకి ఫ్యూజులుంటాయా?"

తమ్ముడు మొదటిసారి నవ్వాడు.

అంతలో ఒక పైపు జాయింటు దగ్గర చెమ్మ కనిపించింది. ఎవరైనా పొరపాటున తాళం తిప్పితే డీజిల్ మొహాన కొడుతుందని, ఫ్యూజు తీసే ఉంచి మా ఆయన కిందికి దూరాడు. ఇంకా బిగిస్తుండగానే గోడౌన్ నుంచి ఫోను. సిమెంటు సిద్ధంగా ఉంది, ఇప్పుడే రాకపోతే వేరే లారీకి ఎత్తేస్తామన్నారు. ఇక చూడాలి హడావుడి. ఒకరు స్పానర్లు ఏరుతుంటే ఒకరు జాకీ లాగుతున్నారు. మా ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఎక్కు ఎక్కు" అంటున్నాడు. నేను సందు చూసి ఒక సీసాలో డీజిల్ నింపి తమ్ముడి సీటు పక్కన పెట్టాను. మా ఆయన చూడనే చూశాడు.

"ఆ రాయి మీద ఒక్క చుక్క పోశావో, నా పనిని అవమానించినట్టే," అన్నాడు.

ఇంజిను గర్జించింది. లారీ వెళ్ళిపోయింది.

ఇక్కడి నుంచి తమ్ముడు చెప్పింది.

వాడు కొండ మొదట్లో ఆగాడు. సీసా చేతిలోకి తీసుకుని నల్లరాయి దగ్గర నిలబడ్డాడు. పొయ్యాలా... వద్దా... బావ మాట చెవిలో ఉంది. ఇవాళ పోస్తే ఇక జన్మంతా పోస్తూనే ఉండాలి అనుకున్నాడు. సీసా మూత బిగించి వెనక్కొచ్చాడు. వెనక్కొచ్చేటప్పుడు రాయికి వీపు చూపించడం ఇష్టం లేక, పక్కవాటుగా నడిచాడట.

బండి ఎక్కుతోంది. బరువుకి క్యాబిన్ అదురుతోంది. దీపాల వెలుగులో దారి, దారి పక్కన లోయ, మళ్ళీ దారి. వాడి కళ్ళు దారి మీద లేవు, చెవులన్నీ ఇంజిను మీదే.

మలుపు కనిపించింది.

గేరు తగ్గించాడు. స్టీరింగ్ తిప్పాడు. ఇంజిను ఒక్కసారి... తడబడింది.

ఒక్క క్షణం. గుటకకి ముందుండే క్షణం.

అప్పుడు వినిపించింది. "మ్..."

ఇంజిను మోతలో కలవకుండా, దాని పక్కనే, సీటు వెనక నుంచి వస్తున్నట్టు. బండి బరువెక్కేకొద్దీ ఆ శబ్దం కూడా బరువెక్కింది. ఇంజిను తేరుకుంది. చక్రం ఒక్కో చుట్టూ లాక్కుంటూ, లాక్కుంటూ... మలుపు వెనకబడింది.

ఆగలేదు.

ఇక బావ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవచ్చు అనుకుంటూ, పిచ్చివాడిలా ఒక్కడే నవ్వుకుంటూ, వాడు కొండ మీద చదును దాకా వెళ్ళి, టైర్లు చూద్దామని బండి ఆపాడు. తాళం తిప్పి ఇంజిను కట్టేశాడు.

ఇంజిను ఆగింది.

"మ్..." ఆగలేదు.

వాడు తాళం బయటికి తీశాడు. గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇనుము అరచేతికి గుచ్చుకుంటోంది. శబ్దం అలాగే ఉంది. సన్నగా, ఒకే రాగంలో, ఎత్తెక్కి అలిసిపోయినవాడు ఇంకా మానలేనట్టు...

దిగాడు. టార్చి వేసుకుని ఛాసిస్ కిందికి వంగాడు. కొత్త పంపు మెరుస్తోంది. అరచెయ్యి దాని మీద పెట్టాడు. చల్లగా ఉంది. శబ్దం దీన్నుంచే వస్తోందా, పైనుంచా... తెలీలేదు. పైన క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. అందులోకి టార్చి వెయ్యడానికి వాడికి చెయ్యి లేవలేదు.

ఏం తోచిందో, చీకట్లోకి గుసగుసగా పిలిచాడు.

"నాన్నా..."

శబ్దం ఆగిపోయింది.

ఫోను మోగేసరికి నేను వాకిట్లో తిరుగుతున్నాను. ఆ రాత్రి నాకు మంచం కుదరలేదు. పడుకుంటే లేవాలనిపించింది, లేస్తే తలుపు దగ్గరికి వెళ్ళాలనిపించింది. మా ఆయన్ని లేపి ఫోను పెద్దగా పెట్టాను. తమ్ముడికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. అంతా చెప్పాడు.

మా ఆయన విని, దుప్పటి సర్దుకుని, పకపకా నవ్వాడు.

"ఒరే పిరికోడా, తప్పు నాదే. హడావుడిలో ఆ తీగని తాళం మీద కాకుండా నేరుగా బ్యాటరీకి కలిపేసి ఉంటాను. తాళం తీసినా పంపు తిరుగుతూనే ఉంటుంది. అంతే."

"మరి చల్లగా ఉందేం?"

"లోపల డీజిల్ పారుతుంటే చల్లగా కాక, వేణ్ణీళ్ళలా ఉంటుందా?"

"పిలవగానే ఎందుకాగింది బావా?"

"తీగ లూజై ఉంటుంది. నువ్వు వంగినప్పుడు కదిలింది. నన్ను పిలిచినా ఆగేదే. రేపు సరిచేస్తాలే. మలుపు ఎక్కిందా లేదా, అది చెప్పు."

"ఎక్కింది."

"మరింకేం? పడుకో."

తమ్ముడు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. "అక్కా, షెడ్డులో నువ్వూ విన్నావుగా. అచ్చం అలాగే ఉంది కదూ పంపు?"

"అచ్చం అలాగేరా," అన్నాను.

మా ఆయన గోడవైపు తిరిగి గురక పెట్టాడు. నేను మళ్ళీ వాకిట్లోకి వచ్చాను. భయం పోవాలి కదా, ఎందుకు పోలేదో తెలీలేదు.

తెల్లవారకముందే లారీ ఖాళీగా తిరిగొచ్చింది. షెడ్డు ముందు ఆపుకుని తమ్ముడు మా వరండాలో చాప మీద పడి నిద్రపోయాడు. చాలా రోజుల తర్వాత వాడి వేళ్ళు కదలకుండా ఉన్నాయి.

నేను మా ఆయన చొక్కా నానబెడదామని తీశాను. నానబెట్టే ముందు జేబులు చూడటం నాకలవాటు. మెకానిక్ పెళ్ళాలందరికీ ఉండే అలవాటే. ఏ బోల్టో ఉండి, ఉతికేటప్పుడు చెయ్యి కోస్తుంది. పైజేబులో ఒక వాషరుంది, చిన్న టేపు చుట్టుంది.

వాటితో పాటు పసుపు రంగు ఫ్యూజు.

ఇంకొకటి పెట్టి పంపాడేమోలే అనుకున్నాను. తడి చేతులు చీరకి తుడుచుకుని, లారీ ఎక్కాను. కాళ్ళ దగ్గరి పెట్టె మూత తీశాను.

ఆ గడి ఖాళీగా ఉంది.

ఫ్యూజు అందులో పెట్టి నొక్కాను. ఊపిరి బిగబట్టి విన్నాను. ఏ శబ్దమూ లేదు. తాళం తమ్ముడి తలకింద ఉంది. అంటే తీగ బ్యాటరీకి కలపలేదు. మా ఆయన సరిగ్గానే కలిపాడు. తాళం తిప్పితే తప్ప ఆ పంపు పాడదు. ఫ్యూజే లేక రాత్రంతా అది ఉత్త ఇనపముద్ద.

మూత పెట్టేశాను. ఎవరినీ లేపలేదు.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి ఫ్లాస్కులో పోసుకున్నాను. కొండ మీదికి వెళ్ళే మొదటి బస్సెక్కాను. గుటక మలుపు దగ్గర ఆపమంటే కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇక్కడెవరూ ఉండరమ్మా."

తలూపి దిగిపోయాను.

బస్సు వెళ్ళిపోయింది. లోయలోంచి గాలి తప్ప ఏమీ వినిపించలేదు. నల్లరాయి మీద వాటా తీసుకునేవాడికి డీజిల్ ఇష్టమేమో. నాన్నకి కాదు. దారి అంచున కూర్చుని ఫ్లాస్కు మూత తీసి, కప్పులో పోసి, రాళ్ళ మధ్య పెట్టాను. నోరు మూసుకుని, చిన్నప్పటిలా, "మ్..." అని పట్టాను. నాతో ఎవరైనా రాగం అందుకుంటారేమోనని మధ్యలో ఆపి విన్నాను. కప్పులోంచి ఆవిరి పోయేదాకా విన్నాను.

చక్కెర ఎక్కువే వేశాను. నాన్న అలాగే తాగేవాడు.