ఏడో అధ్యాయం

డిటెక్టివ్ గదిలోకి వచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చంకలో లావుపాటి థీసిస్, ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"సోమవారం కోర్టులో నా కేసు తేలిపోతుందండీ. ఆశ పెట్టుకోవద్దని మా లాయరే అంటున్నాడు," అంది.

డిటెక్టివ్ ఒకప్పుడు పోస్టుమాస్టరు. సహాయకుడు సొంత బావమరిదే, రిటైరైన డ్రాయింగు మాస్టరు. బావ ఏం చేసినా నోరు తెరుచుకుని చూడటం అతనికి అక్క పెళ్ళినాటి నుంచీ అలవాటు.

ఆవిడ ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసింది. బస్సుల్లో జనం మాట్లాడే తీరు మీద ఐదేళ్ళు పరిశోధించి థీసిస్ రాసింది. పరీక్షకులిద్దరిలో ఒకరు బాగుందన్నారు, రెండో ఆయన పనికిరాదన్నారట. విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వనంది. ఆవిడ కోర్టుకెక్కింది.

"థీసిస్ బాగోగులు తేల్చడం మా పని కాదు, పద్ధతి తప్పారని చూపిస్తే మాత్రం ఊరుకోం అన్నారు జడ్జిగారు. రేపు ఫైలు చూసుకోమని అనుమతిచ్చారు. ఆ రెండో పరీక్షకుడి రిపోర్టు ఇంతవరకూ నా కంట పడలేదండీ."

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఆవిడ తటపటాయించింది. "మా గైడు గారు ఆఖరి నెలలో ఏడో అధ్యాయం తీసేయించారు. డ్రైవరూ కండక్టరూ ఈలలతో మాట్లాడుకోవడం గురించి. అది విడిగా పుస్తకమవుతుంది, ఇందులో ఇరికించొద్దన్నారు. అక్కడే కొంప మునిగిందేమో."

"తీసేయక ముందు ఎవరు చదివారు?"

"గైడు గారూ, మా శాఖ హెడ్డు గారూ. హెడ్డు గారు నెల్లాళ్ళు ఉంచుకుని, బాగుందని తిరిగిచ్చారు."

మర్నాడు ముగ్గురూ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పరీక్షల విభాగం గోడలు చెమ్మతో ఉబ్బి ఉన్నాయి. క్లర్కమ్మ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ రిపోర్టు వచ్చాక ఎక్కడుందమ్మా?" అడిగాడు డిటెక్టివ్.

"వానాకాలమంతా ఈ గదిలోనేనండీ. కౌన్సిలుకి వెళ్ళే ముందు ఓ వారం వాళ్ళ శాఖ బీరువాలో ఉంది. తాళాలు గైడు గారి దగ్గరొకటి, హెడ్డు గారి దగ్గరొకటి."

రిపోర్టు రెండు పేజీలు. మొదటి పేజీలో ఏడో అధ్యాయాన్ని చీల్చి చెండాడారు. రెండో పేజీలో సంతకం, 'పై అభిప్రాయానికి కట్టుబడి ఉన్నాను' అన్న ఒక్క వాక్యం. డిటెక్టివ్ గుండుసూది ఊడదీసి కాగితాలను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

అక్కణ్ణుంచి శాఖకి వెళ్తే గైడు గారు ముక్తసరిగా మాట్లాడారు. హెడ్డు గారు మాత్రం కుర్చీలు వేయించి, మంచినీళ్ళిప్పించి, పాపం కండక్టరమ్మ అని జాలిపడ్డారు. బల్ల మీద ఆయన కొత్త పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. అట్ట మీద ఈల బొమ్మ చూసి బావమరిది ముచ్చటపడ్డాడు. "గీత భలే కుదిరిందండీ," అన్నాడు. ఆయన మురిసిపోయి ఓ ప్రతి అతని చేతిలో పెట్టారు.

బయటికొచ్చాక డిటెక్టివ్ దాన్ని ఆవిడ సంచిలోని పాత చిత్తుప్రతి పక్కన పెట్టి పది నిమిషాలు తిరగేసి, అందరినీ రిజిస్ట్రారు గదిలోకి పిలిపించమన్నాడు.

"తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు కాగితాలతోనే కాపురం చేశాను," అని మొదలుపెట్టాడు. "ఈ రెండో పేజీ మీద గుండుసూది తుప్పు మరక ఉంది, వానాకాలం చలవ. మొదటి పేజీ మీద మచ్చుకైనా లేదు, సూది కొత్తగా మెరుస్తోంది. అంటే మొదటి పేజీని మార్చింది వానలయ్యాకే, బీరువాలో ఉన్న ఆ వారంలో."

"తాళాలు ఇద్దరివి కదా," అన్నారు రిజిస్ట్రారు.

"అవునండీ. కానీ ఈ థీసిస్‌లో ఉన్నవి ఆరు అధ్యాయాలే. ఏడోదాన్ని తీసేయించింది గైడు గారే, లేనిదాన్ని ఆయన ఎందుకు తిడతారు? అది ఇంకా ఉందనుకున్న మనిషి ఒక్కరే."

హెడ్డు గారు చేతిలో గ్లాసు కింద పెట్టారు.

"ఆవిడ చిత్తుప్రతి మీ దగ్గర నెల్లాళ్ళుంది. మీ పుస్తకం మూడో భాగం అందులోంచి ఎత్తి రాసిందే. బస్టాపు బోర్డు ముందు మోగే జంట ఈలకి ఈవిడ పెట్టిన పేరు కూడా మార్చలేదు. ఈవిడకి పట్టా వస్తే థీసిస్ లైబ్రరీకి చేరి గుట్టు రట్టవుతుందని హడలిపోయారు. బైండు చేసిన థీసిస్ ఒక్కసారి తిరగేసి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు. అందులో మీకు భయపడాల్సింది ఒక్క ముక్కా లేదు."

రిజిస్ట్రారు అక్కడికక్కడే ఆ రెండో పరీక్షకుడికి ఫోన్ చేసి, ఆయన దాచుకున్న రిపోర్టు నకలు మెయిల్లో తెప్పించారు. అది చూశాక హెడ్డు గారు తల దించుకుని, చేసింది తనేనని ఒప్పుకున్నారు. కండక్టరమ్మ గైడు గారి వైపు తిరిగింది.

"మిమ్మల్ని అనుమానించానండీ."

"నేను నవ్వుతూ మాట్లాడి ఉంటే అనుమానం వచ్చేది కాదులేమ్మా," అన్నారాయన, అప్పటికీ నవ్వకుండానే.

సోమవారం జడ్జిగారు పాత నిర్ణయం కొట్టేసి, అసలు రిపోర్టు చూసి నెలలోగా మళ్ళీ తేల్చమని కౌన్సిలును ఆదేశించారు.

"కోర్టే ఇచ్చేస్తే పోయేదిగా బావా?" అన్నాడు బావమరిది మెట్లు దిగుతూ.

"ఇవ్వదురా. చదివినవాళ్ళ చేతే ఇప్పిస్తుంది."

మూడో వారంలో కౌన్సిలు డాక్టరేటు ఇచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ అసలు మొదటి పేజీ నకలు తెచ్చి వాళ్ళకి చదివి వినిపించింది. ఒక వాక్యం దగ్గర ఆగి కాగితం ముందుకు చాపింది. మిగతాది బావమరిది అందుకుని చదివాడు.

"ఈమెకు వినడం వచ్చు. మా విద్యార్థులకు నేను నేర్పలేకపోయింది అదే."