ఏసీ మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు

"అందరూ కళ్ళు మూసుకోండి," అంది టీచరమ్మ.

ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అప్పుడే గదిలో అడుగుపెట్టాడు. పెద్దవాళ్ళ మాట కాదనడమెందుకని, ఖాళీ చాప మీద కూలబడి కళ్ళు మూసేశాడు. కొత్త పేషెంటు కాబోలనుకుంది టీచరమ్మ. డిప్రెషన్‌తో బాధపడేవాళ్ళకు మందులతోపాటు ధ్యానం నేర్పే క్లాసు అది.

"శ్వాసను గమనించండి. ఆలోచన వస్తే తరమకండి. వచ్చిందని గుర్తించి, మళ్ళీ శ్వాస దగ్గరికి రండి."

అతను ఒక కన్ను తెరిచాడు. పక్క చాప మీద అమ్మాయి రెండు కళ్ళూ తెరిచే ఉంది.

"మూసుకోండి," గుసగుసలాడింది.

"ముందు మీరు."

"పని నుంచి నేరుగా వచ్చారా? ఆ సంచీ ఏంటి?"

"ధ్యానం బిగుసుకుపోతే విప్పడానికి పానాలు."

ఆమె ఫక్కున నవ్వింది. క్లాసంతా కళ్ళు తెరిచింది. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తులేని ఆమె, అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది.

ఆపైన ప్రతి వారం వచ్చాడు. ఏసీ మాత్రం నీళ్ళు కారుస్తూనే ఉంది. అది బాగుపడితే తన సాకు పోతుందని దాని జోలికి వెళ్ళలేదు. క్లాసయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవారు. ఆమె పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతుంది. మంచం దిగడమే కొండెక్కినంత పనయ్యే పొద్దుల గురించి, సొంత అన్నయ్యకు చెప్పనివి కూడా అతనికి చెప్పింది.

"మీకూ తెలుసు కాబట్టి చెప్తున్నా," అనేది. తాను ఏసీ కోసం వచ్చినవాణ్ణని చెప్పబోయి, అతను మాట మింగేసేవాడు.

ఒకరోజు ధ్యానం మధ్యలో ఆఫీసు మేనేజరమ్మ విసురుగా వచ్చింది.

"ఏమయ్యా! ఏసీ బాగుచేయమంటే మునిలా కూర్చున్నావేంటి?"

పక్క చాప మీది అమ్మాయి లేచి చరచరా బయటికి నడిచింది. బయట వాన. అతను వెనకే పరిగెత్తాడు.

"నా జబ్బు మీకు టైంపాసా?"

"కాదండీ. మొదటివారం మీకోసమే ఆగాను, నిజం. రెండోవారం టీచరమ్మ, ఒంట్లో ఎక్కడ బరువుగా ఉందో చూసుకోమన్నారా? చూసుకున్నా. అమ్మ పోయినప్పటినుంచి ఒళ్ళంతా బరువే. నలుగురినీ నవ్విస్తూ తిరిగానేమో, నాకే తెలీలేదు. మర్నాడు డాక్టర్ దగ్గరికెళ్ళా. నేనూ పేషెంటునేనట."

ఆమె అతనివైపు తిరిగింది.

"మందులు వేసుకుంటున్నారా?"

"ఆ."

"రోజూ?"

"మధ్యలో ఒకసారి మర్చిపోయా."

"ఇంకోసారి మర్చిపోండి, చెప్తా మీ సంగతి!"

"మీరంటే నాకిష్టం," అనేశాడు. "ఆలోచనే కదా, పోతుందిలే అని ఆగి చూశా. పోవట్లేదు."

"నాకు మళ్ళీ ఆ రోజులు వస్తే?" ఈసారి ఆమె గొంతులో బెదిరింపు లేదు, భయముంది.

"పక్కన కూర్చుంటా. నవ్వమని మాత్రం అడగను."

ఇన్నాళ్ళూ అందరూ ఆమెను అడిగింది అదే. ఆమె కళ్ళు నిండాయి. అతని చెయ్యి పట్టుకుని వీధివైపు లాగింది.

"ఎక్కడికండీ?"

"మా ఇంటికి. ఆ మాట మా అన్నయ్య ముందు కూడా చెప్పండి. అసలే అబద్ధాలకోరుల్ని గుమ్మం తొక్కనివ్వడు."

"మరి మీరు తొక్కనిస్తారా?"

"చెయ్యి వదిలానా?" అంది ఆమె.