‘ఎ’ గ్రేడు బోల్టులు

స్టోర్‌కీపర్ గుండెలో దిగిన గుండు చప్పుడైనా చెయ్యలేదు. సైలెన్సర్!

కూలిపోయేముందు ఆ మహానుభావుడు ఒక్క పని చేశాడు. చేతికందిన ట్రే లాగి నేలకేసి కొట్టాడు. ఫ్యాక్టరీలో తయారైన నాలుగు బోల్టులూ, వాటి స్థానంలో పెట్టడానికి తెచ్చిన నాలుగు నకిలీలూ కలగలిసి గచ్చు మీద దొర్లాయి. ఏది ఏదో ఏరుకునే వ్యవధి లేదు. బయట అడుగుల చప్పుడైంది, కాల్చిన మనిషి మాయం.

మధ్యాహ్నం మూడింటికి ఆ ఎనిమిది బోల్టులూ ముందు పెట్టుకుని ఏజెంట్ కందిరీగ తనిఖీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక్కచోట నిమిషం నిలవలేడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఒంటిమీద మెకానిక్ యూనిఫాం, చెవిలో శనగగింజంత రిసీవర్.

“కొండమీద గని కూలింది,” రిసీవర్లో చీఫ్ గొంతు. “ముప్పైమందికి గాయాలు. వెళ్లగలిగేది ఒక్క హెలికాప్టరే. దాని రెక్కల్ని పట్టుకునే నాలుగు బోల్టులూ ఇవాళ మార్చాల్సిందే. నాలుగింటికి టేకాఫ్. నకిలీవి బిగిస్తే పది నిమిషాల్లో రెక్కలు ఊడిపోతాయి.”

“ల్యాబ్‌కి పంపితే సార్?”

“రేపటికి గానీ చెప్పలేరట. విదేశీ ముఠా పని. అవే నంబర్లు, అవే కోడ్‌లు చెక్కారు.”

“పైలట్ ఎవరు?”

“మీ అక్క.”

కందిరీగ ఒక బోల్టు తీసి వెలుతురుకి ఎత్తి పట్టాడు.

తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, హైహీల్స్. విదేశీ కంపెనీ తరఫున వచ్చిన క్వాలిటీ ఆడిటర్.

“ఇక్కడ గడియారాలన్నీ ముందుకే నడుస్తాయా?” అందామె.

కోడ్‌వర్డ్! “వెనక్కి నడిచేది మా ఇంట్లో ఉంది,” అన్నాడు కందిరీగ. రెండేళ్లుగా ముఠాలో ఉన్న మన మనిషి అన్నమాట.

బోల్టు తలమీద గోరంత చదరంలో చుక్కలు చుక్కలుగా కోడ్ ఉంది. స్కానర్ పెడితే ఎనిమిదీ కుయ్ కుయ్‌మని చదివేసింది. ఏం లాభం?

“చదివితే సరిపోదు,” అంటూ ఆడిటర్ బల్లమీది వెరిఫయర్ చూపించింది. కోడ్ ఎంత స్పష్టంగా ఉందో కొలిచి గ్రేడు ఇచ్చే కెమెరా పెట్టె అది. దాన్ని నడిపే చెకర్ పోలీసులకి వాంగ్మూలం ఇస్తోంది. ఆడిటరే ఒక్కో బోల్టూ పెట్టింది. ‘ఎ’ నాలుగు, ‘సి’ నాలుగు.

“ఇంకేం ఆలోచన? నాసిరకం చెక్కుడే నకిలీది.”

నిజమే కదా అనిపించింది. ‘ఎ’ వచ్చిన నాలుగూ తనే స్వయంగా, పక్కనే హెలికాప్టర్ ఉన్న హ్యాంగర్‌కి పంపాడు. పంపాక కూడా కాలు నిలవలేదు.

మూడూ యాభైకి చెకర్ వచ్చింది. ఫ్యాక్టరీ అంతా పిన్నిగారూ అని పిలిచే పెద్దావిడ. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. స్క్రీన్ చూసి ఆగిపోయింది.

“‘ఎ’ గ్రేడా? మాకా?”

“ఏం పిన్నిగారూ?”

“మా చెక్కుడు మిషన్ సూది అరిగి ఏడాదైంది బాబూ. ఓనరుగారికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ‘సి’ వస్తే పాసే కదమ్మా, లాగించెయ్ అంటాడు. ఏడాదిగా మా బోల్టులకి ‘సి’ దాటి ఒక్కటీ రాలేదు. ‘ఎ’ వచ్చిందంటే అది మాది కాదు నాయనా!”

కందిరీగ చావుని తన చేతుల్తోనే అక్క దగ్గరికి పంపాడు!

గిర్రున తిరిగాడు. ఆడిటర్ చేతిలో లిప్‌స్టిక్, దాని చివర సన్నని రంధ్రం. మన మనిషి ముఠాకే అమ్ముడుపోయిందన్నమాట!

“ముసలిది ఇంకో పది నిమిషాలు ఏడ్చి ఉంటే బాగుండేది,” అందామె.

పిన్నిగారు కొలతల ఇనుప స్కేలు ఎత్తి ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది. గుండు గోడలో దిగింది.

“తమ్ముడిలాంటి మా స్టోర్‌కీపర్ని చంపింది నువ్వా!” రెండో దెబ్బకి ఆడిటర్ కుప్పకూలింది.

హ్యాంగర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ రొదలో వినబడితేగా! ‘సి’ బోల్టులు నాలుగూ గుప్పిట్లో పట్టుకుని కందిరీగ పరుగెత్తాడు. రెక్కలు తిరుగుతున్నాయి. చేతులూపాడు. అద్దం వెనక అక్క కూడా చెయ్యూపింది. ఆవిడ లెక్కలో తమ్ముడు వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్. తనని సాగనంపడానికి వచ్చాడనుకుంది.

ఇక లాభం లేదు. వంగుని రెక్కల కిందకి దూరి, హెలికాప్టర్ కాలిని కౌగిలించుకుని కూర్చున్నాడు. మూడూ యాభైతొమ్మిదికి ఇంజిన్ ఆగింది.

అక్క దూకింది. “బుద్ధుందట్రా నీకు? అక్కడ మనుషులు చచ్చిపోతుంటే!”

“ఆ బోల్టులు నకిలీవి. పైకెళ్తే చచ్చిపోతావక్కా!” ఏడుపు ఆగలేదు. తుపాకులకి బెదరనివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్క అతని గుప్పిట విప్పి చూసింది. ఎందుకని అడగలేదు. మెకానిక్‌ని కేకేసింది, “ఇవి బిగించండి. అరగంటలో లేవాలి!”

అరగంటా కందిరీగ రెంచి అందిస్తూనే ఉన్నాడు. అక్క హెల్మెట్ పెట్టుకుంటుంటే గొంతు సవరించుకున్నాడు. “ఫిల్టర్ డెలివరీకొస్తే ఇక్కడెవరో అనుకోవడం విని...”

“ఆపరా! ఆరేళ్లుగా ఫిల్టర్లమ్ముతున్నావు. మా ఇంట్లోది కారిపోతుంటే ప్లంబర్ని పిలుచుకోమన్నావు. నాకు తెలీదనుకున్నావా?” వాడి చెంపలు తుడిచి సీట్లోకి ఎక్కింది. “ఇక పక్కకి జరుగు. రెక్క తగిలిందంటే మీ చీఫ్‌కి నేను సంజాయిషీ రాసుకోవాలి.”