పారబోయని నీళ్లు

"ఇంట్ల ఏం పెడుతున్నరమ్మా? జెర నిజం చెప్పున్రి!"

డాక్టర్ సుకన్య చేతిలోని రిపోర్టు కంటే ఆమె గొంతే సత్యవేణిని ఎక్కువ భయపెట్టింది. కిడ్నీలు పాడైతే ఒంట్లో పేరుకునే విషాల మీద ఆ డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది. డయాలసిస్ మిషన్ రక్తాన్ని కడిగినా పోని విషాలేవో, అవి ఏ తిండితో పెరుగుతాయో తేల్చాలని ఆమె పట్టుదల. ఆమె పరీక్షిస్తున్న రోగుల్లో సత్యవేణి భర్త పైడిబాబు కూడా ఉన్నాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసిన మనిషి... ఇప్పుడు మంచానికీ మిషన్‌కీ మధ్యే బతుకు!

"నేను వెతికే విషాలు మెల్లగ తింటయమ్మా. రిపోర్టుల పెరిగిన ఈ పొటాషియం గట్ల కాదు... ఒక్కసారే గుండెను ఆపేస్తది!"

"మీరు చెప్పినట్టే డాక్టరుగారూ... పొటాషియం నీళ్లలోకి దిగిపోయేలా కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, ముక్కలే వండుతున్నాను!"

మెట్టుగూడలో ఇంటికి వచ్చాక అత్తగారు ముసలమ్మ ఊరుకోలేదు.

"నీ సప్పిడి కూడు తినే నా కొడుకు ఇలాగైపోనాడు! సారమంతా పిండేసి పిప్పి పెడితే మడిసి బతుకుతాడేటి?"

సత్యవేణి రిపోర్టు మళ్లీ తిరగేసింది. ఎక్కడ తప్పు జరుగుతోంది? ఎవరిని అడగాలి? భర్త నిద్రలో కదలకపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది!

మర్నాడు మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయలు ఉడికించి, నీళ్లు గిన్నెలోకి వార్చి, బట్టలు ఆరేయడానికి మేడెక్కింది. క్లిప్పులు మరిచిపోయి దిగేసరికి వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన! ఆ వార్చిన నీళ్లతోనే చారు కాచి, గ్లాసులో పోసి కొడుకు నోటికందిస్తోంది ముసలమ్మ.

"అత్తయ్యా!" గ్లాసు లాగేసుకుంది సత్యవేణి.

"పారబోత్తావేటే? బలమంతా అందులోనే ఉంది కదేటి! ఉలవలుడికిన నీళ్లతోనే పెంచినానీడ్ని!"

"ఆ బలమే ఆయన గుండెను ఆపేస్తుంది అత్తయ్యా..."

పైడిబాబు తలదించుకున్నాడు. "అమ్మ ఏడుస్తుంటే వద్దనలేకపోయాను సత్యా..."

ముసలమ్మ ఉన్నచోటే కూలబడింది.

అప్పటికప్పుడు ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తారు. డాక్టర్ మళ్లీ అదే అడిగింది. అత్తగారి చేతులు కొంగును నలిపేస్తున్నాయి. సత్యవేణి అది చూసింది.

"కూరగాయల నీళ్లతో చారు కాచానండీ. తప్పు నాదే!"

"సదువుకున్నదానివి! గిట్లనా చేసేది? మనిషి పోతే ఎవలు తెస్తరు?"

"దాన్నేటీ అనకు డాట్రమ్మా!" ముసలమ్మ భోరుమంది. "నానే కాసినాను... నా కొడుక్కి నా సేత్తో విషం పోసినాను! ఇది నాకోసం మాట పడతంది!"

డాక్టర్ రక్తం తీయించి, మిషన్ పెట్టించింది. "ఇగ చూద్దాం," అంది. అంతే!

మర్నాడు రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే సత్యవేణి పొయ్యి వెలిగించింది. కూరగాయలు ఉడికాక ముసలమ్మ వచ్చి, వార్చిన నీళ్ల గిన్నెను గుడ్డతో పట్టుకుని తూము దగ్గర తనే వంచింది. ఆవిరికి కళ్లు తుడుచుకుని, గిన్నెను మళ్లీ బోర్లించింది.

"అడుగున ఇంకేటైనా ఉందేమో సూడమ్మా... నాకు కళ్లు ఆనవు."




సత్యవేణి గిన్నె కింద అరచెయ్యి పట్టింది. ఒక్క చుక్కా రాలలేదు.