పాత కంట్రోల్ రూములో ఫోను

ఆ రిఫైనరీలో చీకటి పడితే పాత కంట్రోల్ రూము వైపు ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. కాలిపోయిన గది అది. వైర్లన్నీ ఎప్పుడో పీకేశారు. అయినా లోపల ఫోను మోగుతుందట... ఎత్తినవాళ్ళు మాత్రం లేరు.

అక్కడ పోయింది ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి. ఫర్నేసులో నూనె పారే ట్యూబు ఎర్రబడితే పగిలి పేలుతుంది, వెంటనే ఆపేసి బాగుచేయించాలి. కానీ సర్కారు కంపెనీ కదా — ఓట్లు పడేదాకా ఆగడానికి వీల్లేదని మంత్రిగారి హుకుం. మనిషి అనుమతి కోసం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అలాగే కాలిపోయాడు.

అతని బదులు తమ్ముడికి చిన్న ఉద్యోగమిచ్చారు. ఏళ్ళు గడిచి అతనూ షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యాడు. ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు రిఫైనరీని అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ళు చూసి వెళ్ళేదాకా ఏదీ ఆగకూడదు, అడక్కుండా ఆపినవాణ్ణి జైల్లో పెట్టిస్తామన్నారు.

ఆ రోజు చీకటి పడుతుండగా తమ్ముడు ఫర్నేసులోకి తొంగిచూశాడు. ట్యూబు మీద ఎర్రటి మచ్చ... అరచేయంత.

కొత్త కంట్రోల్ రూముకి పరుగుతీశాడు. దగ్గరి దారి ఆ పాత గది పక్కనుంచే.

ఫోను మోగింది.

మోగుతూనే ఉంది... అన్నయ్య పోయిన గది. వదిలేసి పోలేకపోయాడు. తలుపు తోసి, మసిపట్టిన రిసీవరు ఎత్తాడు.

"సార్... ట్యూబు ఎర్రబడిందండీ. ఆపెయ్యమంటారా?"

ఆ గొంతు మర్చిపోయేది కాదు.

"అన్నయ్యా... ఆపెయ్. నేను చెబుతున్నా. బయటికొచ్చెయ్."

"మీరెవరండీ... పైనుంచేనా?"

అవుననడానికి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు.

"సరే... అడిగి చెప్పండి. లైన్లోనే ఉంటాను."

ఆ మాట వెనకాల ఏదో చిటపటలాడింది. ఫోను మూగబోయింది.

తమ్ముడు కొత్త కంట్రోల్ రూముకి వచ్చి మనుషులందర్నీ గేటు బయటికి తరిమాడు. నువ్వూ రమ్మని చెయ్యి పట్టి లాగిన ముసలి ఫిట్టరుకి విన్నదంతా చెప్పాడు. ఈ సంగతి తెలిసింది ఆ ఫిట్టరు వల్లే. తర్వాత ఆపే స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. పెళ్ళాం, పిల్లలు గుర్తొచ్చారేమో... రెండో చేత్తో మేనేజరుకి ఫోను కలిపాడు.

మేనేజరు ఏమన్నాడో తర్వాత అతనే చెప్పుకున్నాడు. "నా చేతుల్లో ఏముందయ్యా... పైవాళ్ళతో మాట్లాడతాను. నువ్వు ఫోను పెట్టకు."

పెట్టలేదు. గేటు బయటివాళ్ళకి కిటికీలో కనిపిస్తూనే ఉన్నాడు — చెవి దగ్గర ఫోను, స్విచ్చు మీద చెయ్యి.

పైనుంచి జవాబు మర్నాడు వచ్చింది, ఆపెయ్యమని.

అప్పటికి అక్కడ గదే లేదు.