నీళ్లతో రాసిన పలక

“అన్నా, ఆ మిషన్ నువ్వు ఆపుతావా, నన్నే వచ్చి ఆపమంటావా?”

మార్కాపురంలో పలకలు కోసే కరుణాకరాన్ని అంతవరకు ఎవరూ అంత అందంగా తిట్టలేదు. తిట్టినామె చంకలో నాలుగేళ్ల పాప. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఏడుస్తోంది.

మిషన్ ఆగింది. అతని నోరు ఆగలేదు.

“వెనకింట్లోకి పెద్దారవీడు నుంచి వచ్చింది మీరేనా? అద్దె తక్కువని చెప్పినోళ్లు పక్కన రాళ్లు కోస్తారని చెప్పలేదా?”

“పాపకు స్పీచ్ థెరపీ కోసం వచ్చినాం. తబితకు ఇంకా మాటలు రాలేదు. చప్పుడు పడదు. తల మీద చెయ్యేస్తే పడదు. గౌనుకు లేబులుంటే పడదు. అన్నం చేతికంటితే పడదు.”

“మరి ఏం పడతది?”

“నీళ్లు,” అనేసి ఎలీషబా గిరుక్కున తిరిగింది.

అంతా బాగుంది గానీ, ఆ ‘అన్నా’ ఒక్కటీ పెళ్లికాని కరుణాకరం గుండెలో బండరాయై పడింది.

మర్నాటి నుంచి, పాప థెరపీకి పోయే పదింటి నుంచి ఒంటిగంట దాకే అతని కోత. మిగతా పూటంతా కూత. అది అతని నోటిది.

మార్కాపురం మనిషి క్షమాపణ ఎట్లా చెబుతాడు? కొత్త పలకా బలపమూ పట్టుకెళ్లాడు. పాపకు నేర్పుదామని తానే ముందు ఓ గీత గీశాడు.

కిర్ర్ర్!

తబిత కెవ్వుమని తన చేతిని తానే కొరుక్కుంది. ఆ పంటిగాట్లు చూసేసరికి అతను బలపాన్ని జేబులో దాచేశాడు.

“నీ పలకా వద్దు, నీ పలకరింపూ వద్దు!” ఎలీషబా తలుపేసింది.

నాలుగు రోజులు అతను వెనకింటి వైపు పోలేదు. ఐదోనాడు పలకలు అరగదీస్తుంటే, తడివేలు తగిలి బూడిదరంగు రాయి మీద నల్లటి గీత పడింది. చప్పుడు లేదు. చూస్తుండగానే ఆరిపోయింది.

ఆ సాయంత్రం పలకా చెంబెడు నీళ్లూ పట్టుకెళ్లి వాళ్ల గడప బయట కూర్చున్నాడు. చెంబులో వేలు ముంచి గీత గీశాడు. ఆరింది. మళ్లీ గీశాడు. తలెత్తలేదు, పలకరించలేదు. రోజూ అంతే. రెండోరోజు తలుపు వెనక ఒక కన్ను. నాలుగోరోజు రెండు కళ్లు. ఎనిమిదోరోజు ఓ చిట్టివేలు చెంబులో మునిగింది.

“కాఫీ తాగుతావా?” అంది ఎలీషబా.

కరుణాకరం చెవులు ఆ మాటను అటూ ఇటూ తిప్పి వెతికాయి. ‘అన్నా’ లేదు!

మూడు నెలలకు, నల్లమల మీంచి మబ్బు దిగి తొలి చినుకులకు వీధంతా తడిపలకలా నల్లబడుతుంటే, అడిగేశాడు. “నన్ను చేసుకుంటావా?”

“పదేళ్లొచ్చినా దీనికి మాట రాకపోతే?”

“ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతా.”

“నవ్వులాట కాదు. వాళ్ల నాయన కూడా మొదట్లో ఎత్తుకొని తిరిగినాడు. తర్వాత ‘మాటలొచ్చిన్నాడు ఫోన్ చెయ్’ అని పోయినాడు. విడాకులై ఏడాది. నేనంటే ఇంకోసారి తట్టుకుంటా. నీ చెంబులో వేలు పెట్టినాక నువ్వు పోతే, అది తట్టుకోలేదు.”

“మా అమ్మను తీసుకొస్తా, ఆమె ముందే మాటిస్తా,” అన్నాడు.

దోర్నాల నుంచి యేసుమణి వచ్చింది. ఆమె ప్రార్థన మొదలుపెడితే చర్చికి మైకు దండగ. ‘మెల్లగా మాట్లాడు, పాపను తాకొద్దు, పలక మీద నీళ్లతో గీతలు గియ్యి చాలు’ అని బస్సులో కొడుకు దారంతా చెప్పాడు. ఆమె దారంతా ఊకొట్టింది. కానీ బిడ్డ కనబడితే తల మీద చెయ్యేసి దీవించడం నలభై ఏళ్ల అలవాటు.

“స్తోత్రం! నా బంగారే!” చెయ్యి తల మీద పడనే పడింది.

“అమ్మా!” కరుణాకరం కేక అంతకన్నా పెద్దది.

తబిత మంచం కిందికి దూరి తల నేలకేసి కొట్టుకుంటోంది. ఎలీషబా పాకుతూ వెళ్లి ఆ తలకూ నేలకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది.

“మీ అమ్మను తీసుకొని పో,” అంది, అతని వైపు చూడకుండానే.

యేసుమణి పోలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. మంచం కింద తల కొట్టుకునే చప్పుడు పూర్తిగా ఆగేదాకా కదల్లేదు. తర్వాత కొడుకు రోజూ తెచ్చే పలకా చెంబూ దగ్గరికి లాక్కుంది. వేలు తడిపి గీత గీసి, పలకనూ చెంబునూ మంచం అంచు కిందికి జరిపింది. ఆరింది. ఇంకోటి గీసింది. అదీ ఆరింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. వినబడకుండా ఆమె ప్రార్థించడం కరుణాకరం పుట్టాక అదే మొదలు.

ఏడో గీత పక్కన, మంచం కింది చీకట్లోంచి వచ్చిన తడివేలొకటి చిన్న గీత గీసింది.

“చిన్నది నన్ను క్షమించింది,” యేసుమణి గొంతు గాలికన్నా మెల్లగా ఉంది. “పెద్దదాని సంగతేంది?”

ఎలీషబా మంచం కిందనుంచి జరిగి వచ్చి, కందిన అరచేతిని చెంబులో ముంచి, వేలితో ‘సరే’ అని రాసింది.

అతను చదవడం పూర్తికాకముందే ‘స’ సగం మాయమైంది.

“ఆరిపోతాంది!” గుసగుసగానే గోల పెట్టాడు.

“భయమా?”

“శానా.”

“నాకూ శానానే.” చెంబు అతని వైపు జరిపింది. “రోజూ రాయాల మరి.”

తబిత వేలు అప్పటికే చెంబులో ఉంది.